ముప్పై రెండు మంది పిల్లలు, పదహారు కంప్యూటర్లు, ఒక ఆన్‌లైన్ ప్రపంచం

ప్రశ్న: తొమ్మిదో తరగతికి గణితం, అర్థశాస్త్రం చెబుతాను. తరగతిలో 32 మంది పిల్లలు, ల్యాబ్‌లో 16 కంప్యూటర్లు ఉన్నాయి. వేలమంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆటలతో బేరసారాలు, ధరలు, జట్టుపని నేర్పించవచ్చని కిందటి టర్ములో ఒక ఉచిత ఆటతో ప్రయత్నించాను. అకౌంట్లు తెరవడానికి, బొమ్మల జుట్టు రంగు ఎంచుకోవడానికే మూడు పీరియడ్లు చాలలేదు. నాలుగో పీరియడ్‌లో తలో దిక్కూ పోయారు. ఈసారి ఎనిమిది వారాల పాటు వారానికి రెండు పీరియడ్లు ఇచ్చారు. ఒక్కోటి 45 నిమిషాలు. ఏ ఆట తీసుకోవాలి? ఎలా నడపాలి? మార్కులు దేనికి వేయాలి?

జవాబు: ఆ నాలుగు పీరియడ్లు పోవడంలో మీ తప్పు కంటే ఆట స్వభావం పాలే ఎక్కువ. వేలమంది కలిసి ఆడే ఇలాంటి ఆటలను ఎంఎంఓఆర్‌పీజీలు, పొట్టిగా ఎంఎంఓలు అంటారు. వాటిని నెలల తరబడి ఆడించడానికి కడతారు. ఆటగాడు ఎంతకాలం ఉంటే కంపెనీకి అంత రాబడి. అందుకే మొదటి పది గంటలూ నడవడం, నరకడం, మళ్లీ నడవడం. మీకు కావలసిన అంగడి, జట్టుపని, పొత్తులు ఆ తర్వాత గానీ మొదలుకావు. మీ దగ్గర ఉన్నది 16 పీరియడ్లు, అంటే మొత్తం 12 గంటలు. ఆట దారిన ఆట పోతే, అసలు సంగతి మొదలయ్యే వేళకు మీ టర్ము అయిపోతుంది.

దీనికి ల్యాబ్ ఇబ్బందులు తోడవుతాయి. ఒకే నెట్ కనెక్షన్ నుంచి పది నిమిషాల్లో పదహారు అకౌంట్లు పుడితే, బాట్‌లను, అంటే మనిషి లేకుండా ఆడే ప్రోగ్రాములను పట్టే వ్యవస్థలు అనుమానించి కొన్నిటిని ఆపేస్తాయి. ఈమెయిల్‌కి వచ్చే కోడ్ కోసం సగం తరగతి ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆట పదుల జీబీలు ఉంటుంది, పైగా తరగతి రోజునే కొత్త ప్యాచ్, అంటే మార్పుల ఫైలు దిగుతుంది. ఏ సర్వర్ ఎంచుకోవాలో ముందే చెప్పకపోతే పిల్లలు వేర్వేరు సర్వర్లలో పడి, పక్కపక్కనే కూర్చుని కూడా ఆటలో ఒకరికొకరు కనపడరు. చాలా ఆటల్లో పాత్రకు ఎంచుకున్న జాతిని బట్టి మొదలయ్యే ఊరు కూడా మారిపోతుంది. మీవాళ్లు తలో దిక్కూ పోవడానికి అసలు కారణం బహుశా ఇదే.

పెద్ద ఆటల ఉచిత ట్రయల్ వాడుకుందామా అంటే, అక్కడ ఇంకో చిక్కు. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆట ఉచిత ట్రయల్ ఆడటానికి ఉదారంగానే ఉంటుంది. కానీ ట్రయల్ ఆటగాడు మార్కెట్ బోర్డు అనే అంగడి వాడలేడు, సొంతంగా పార్టీ (జట్టు) పెట్టలేడు, ఇతరులకు విడిగా సందేశం పంపలేడు, ఆటలోని నాణెం గిల్‌ను 3 లక్షలకు మించి దాచుకోలేడు. మోసగాళ్లను ఆపడానికి పెట్టిన నియమాలే అయినా, మీ పాఠానికి కావలసినవన్నీ సరిగ్గా ఆ గోడకు అవతల ఉండిపోతాయి. ఇక వయసు సంగతి: ఇలాంటి ఆటల్లో చాలావాటికి 13 ఏళ్లు నిండి ఉండాలి. తొమ్మిదో తరగతిలో అందరికీ నిండే ఉంటాయిలే అనుకోకుండా రిజిస్టర్ చూసుకోండి.

అలాగని ఈ ఆటల్లో చదువుకు పనికొచ్చేది లేదనుకోవద్దు. 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో జరిగింది చూడండి. జుల్‌గురుబ్ అనే చోట హక్కర్ అనే బాస్ (పెద్ద రాక్షసుడు) తనతో పోరాడేవాళ్లకు ఒక రక్తశాపం అంటించేవాడు. అది ఆ చోటు దాటకూడదు. కానీ ఆటగాళ్ల పెంపుడు జంతువుల వెంట అది బయటపడి నగరాలకు పాకింది. చిన్న లెవెల్ పాత్రలు అంటుకున్న వెంటనే రాలిపోయాయి. కొందరు నగరం వదిలి పారిపోయారు, కొందరు వైద్యం చేయడానికి ఎదురెళ్లారు, మరికొందరు కావాలనే అంటించారు. కంపెనీ చివరికి సర్వర్లను రీసెట్ చేయాల్సి వచ్చింది. దీని నుంచి అంటువ్యాధుల నమూనాలకు ఏం నేర్చుకోవచ్చో చర్చిస్తూ లాఫ్‌గ్రెన్, ఫెఫర్‌మన్ అనే పరిశోధకులు 2007లో ఒక వైద్య పత్రికలో వ్యాసం రాశారు. ఈ ఒక్క ఘటన మీద ఎవరూ లాగిన్ కాకుండానే ఒక పూర్తి పీరియడ్ పాఠం చెప్పవచ్చు.

ఇంకొకటి, నా దృష్టిలో మీకు దీనికన్నా ముఖ్యమైనది. స్టైన్‌క్యూలర్, డంకన్ అనే ఇద్దరు పరిశోధకులు అదే ఆటకు సంబంధించిన చర్చావేదికలో దాదాపు 2,000 పోస్టులు విడదీసి చూసి 2008లో ఫలితాలు వెల్లడించారు. వాటిలో 86 శాతం కబుర్లు కావు, నలుగురూ కలిసి ఒక విషయాన్ని తేల్చుకోవడానికి రాసినవి. ఒకరు ఊహ చెబితే ఇంకొకరు లెక్క చూపిస్తారు, మూడోవారు ఆ లెక్కలో తప్పు పడతారు. గమనించండి, ఆ ఆలోచన కత్తి తిప్పుతున్నప్పుడు జరగలేదు, కత్తి పక్కన పెట్టి రాసుకునేటప్పుడు జరిగింది. మీ తరగతిలో ఆ రాతకు చోటు లేకపోతే ఎంత మంచి ఆట తెచ్చినా పిల్లలకు మిగిలేది వేళ్ల వేగమే.

కాబట్టి నా సలహా ఇది: బయటి పెద్ద ఆటను అందరూ కలిసి చూడండి, ఆడటం మాత్రం మీ సొంత సర్వర్‌లో పెట్టుకోండి. మొదటి మూడు వారాలు చూడటానికి, తర్వాతి నాలుగు ఆడటానికి, చివరిది నివేదికలకు, పరీక్షకు.

చూడటానికి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట సరిపోతుంది. అకౌంట్ మీది ఒక్కటే, ప్రొజెక్టర్ మీద. పిల్లల చేతిలో నోటుపుస్తకం, క్యాలిక్యులేటర్. ఈ ఆటలో ప్రతి నైపుణ్యానికీ 99 లెవెళ్లు ఉంటాయి. 99కి చేరడానికి కావలసిన ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు 1,30,34,431. ముందుగా, దీనిలో సగం దారి ఏ లెవెల్ దగ్గర వస్తుందో ఊహించి రాయమనండి. ఎక్కువమంది 50 అంటారు. జవాబు 92. అక్కడికి 65,17,253. 50 దగ్గర ఉన్నది 1,01,333 మాత్రమే, అంటే నూటికి ఒక్క వంతు కూడా కాదు.

తర్వాత పట్టిక ఇవ్వండి. లెవెల్ 50కి 1,01,333, 60కి 2,73,742, 70కి 7,37,627, 80కి 19,86,068. ఒక్కోదాన్ని దాని ముందుదానితో భాగించమనండి. ప్రతిసారీ 2.7కి దగ్గరగా వస్తుంది. సూత్రంలో ప్రతి ఏడు లెవెళ్లకూ రెట్టింపయ్యే భాగం ఉండటమే కారణం. 2ను 10/7 ఘాతానికి హెచ్చిస్తే 2.69 వస్తుంది. ఇక్కడ తెలివైన పిల్ల ఎవరో ఒకరు లేచి, లెవెల్ 10కి 1,154, 20కి 4,470 కదా, నిష్పత్తి 3.87 వస్తోందేం అని అడుగుతుంది. ఆ ప్రశ్న రాకపోతే మీరే వేయండి. ఇవన్నీ మొదటి లెవెల్ దగ్గర సున్నాతో మొదలైన మొత్తాలు, అందుకే చిన్న సంఖ్యల దగ్గర నిష్పత్తి చెదురుతుంది. మొత్తాలు వదిలి ఒక్కో మెట్టుకు పట్టేది చూస్తే చిక్కు విడిపోతుంది. 1 నుంచి 2కి 83, దానికి ఏడు మెట్ల తర్వాత 8 నుంచి 9కి 168. ఘాత పెరుగుదల, శ్రేణి మొత్తం అనే రెండు పాఠాలు ఒకే పట్టికలో దొరుకుతాయి. దీనికి రెండు పీరియడ్లు పడుతుంది, తొందరపడకండి.

మిగతా నాలుగు పీరియడ్లూ ఆ ఆటలోని గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే అంగడికి కేటాయించండి. అమ్మేవారు, కొనేవారు ధరలు పెడతారు, కలిసిన చోట బేరం కుదురుతుంది. ఒక్కో వస్తువును నాలుగు గంటల్లో ఇన్నే కొనాలన్న పరిమితి ఉంది. డబ్బున్నవాడు సరుకంతా గుత్తకు పట్టకుండా ఇది ఆపుతుంది. అమ్మకం మీద పన్ను 2021 డిసెంబరులో 1 శాతంతో వచ్చింది, 2025లో 2 శాతం అయింది. లెక్క ఇలా ఇవ్వండి: 196కి కొని 200కి అమ్మితే లాభమెంత? పన్ను 4, లాభం సున్నా. పన్నులో పైసల భాగం వదిలేస్తారు కాబట్టి 50 నాణేల కన్నా తక్కువ ధరకు పన్నే పడదు. అలాంటప్పుడు 49కి అమ్మడం మంచిదా, 50కా? రెంటిలోనూ చేతికి వచ్చేది 49 అని తెలిశాక ఒక అరగంట వాదన నడుస్తుంది, నడవనివ్వండి. ఈ పన్ను ఎందుకు ఉందో కూడా చెప్పాలి. రాక్షసుణ్ణి చంపిన ప్రతిసారీ నాణేలు శూన్యంలోంచి పుడతాయి. పుట్టినవి ఎక్కడో ఒకచోట చావకపోతే ధరలు పెరుగుతూనే ఉంటాయి. పన్ను సొమ్ములో కొంతతో కంపెనీ కొన్ని వస్తువులు కొని నాశనం చేస్తుంది కూడా. ఐదు వస్తువులు ఎంచుకుని, ప్రతి పీరియడ్ మొదట్లో వాటి ధరలు గోడ మీద గ్రాఫులో గుర్తు పెట్టండి.

ఇప్పుడు ఆడే భాగం. దీనికి లువాంటి వాడండి, దిమ్మెలతో ప్రపంచం కట్టుకునే ఆటల సాఫ్ట్‌వేర్ ఇది. 2024 దాకా దీన్ని మైన్‌టెస్ట్ అనేవారు. ఉచితం, ఓపెన్ సోర్స్, పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది, ఇంటర్నెట్ లేకుండా ల్యాబ్ నెట్‌వర్క్‌లోనే పెట్టుకోవచ్చు. ఇది అసలు ఎంఎంఓ కాదుగా అంటారేమో. కాదు. కానీ మీ పాఠానికి వేలమంది అక్కర్లేదు. ఆపినా చెరగని ప్రపంచం, ఎదురుగా బేరమాడే మనిషి, సరిపోని సరుకు ఉంటే చాలు. పరాయి సర్వర్ మీద పాఠం కట్టడం ఎందుకు వద్దంటున్నానంటే, పిల్లల కోసమే పరిశోధకులు కట్టిన మంచి ప్రపంచాలు కూడా నిలవలేదు. హార్వర్డ్‌లో క్రిస్ డీడీ బృందం చేసిన రివర్ సిటీలో పిల్లలు పంతొమ్మిదో శతాబ్దపు పట్నంలో తిరిగి, నీటివల్ల, గాలివల్ల, కీటకాలవల్ల వచ్చే జబ్బులను విడదీసేవారు. పాఠంగా అద్భుతం. ప్రాజెక్టు ముగిసింది, ప్రపంచమూ పోయింది.

లువాంటి పెట్టేటప్పుడు అందరూ పడే గుంతలు కొన్ని ఉన్నాయి. లువాంటి ఒక ఇంజన్ మాత్రమే, అందులో మైన్‌టెస్ట్ గేమ్ లాంటి ఆటను విడిగా ఎక్కించాలి. అన్ని కంప్యూటర్లలో ఒకే వెర్షన్ ఉండాలి. సర్వర్ యూడీపీ 30000 అనే పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) మీద వింటుంది, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు తెరవకపోతే ఎవరికీ కనపడదు. ఒకేసారి ఎంతమంది చేరవచ్చో చెప్పే మ్యాక్స్ యూజర్స్ అనే సెట్టింగ్ మామూలుగా 15 ఉంటుంది, అంటే మీ పదహారో కంప్యూటర్ చేరదు. కారణం తెలియక దాన్ని రెండుమూడుసార్లు రీస్టార్ట్ చేస్తూ కూర్చుంటారు, ముందే 20 చేయండి. ఆటలో రోజు మామూలుగా 20 నిమిషాలే. పిల్లలు పని మొదలుపెట్టేసరికి చీకటి పడుతుంది. టైమ్ స్పీడ్‌ను సున్నా చేసి గడియారాన్ని మధ్యాహ్నం 12 దగ్గర నిలపండి. పాత్రలకు దెబ్బలు తగలకుండా డ్యామేజ్ ఆపేయండి. క్రియేటివ్ మోడ్ మాత్రం పొరపాటున కూడా ఆన్ చేయకండి. అందరికీ అన్నీ ఉచితంగా దొరికే చోట సంత ఎందుకుంటుంది?

ఆటగాడి పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గీతలు మాత్రమే పనిచేస్తాయి. అసలు పేర్లు వాడకుండా గ్రూపు పేరు, నంబరు కలిపి మీరే పెట్టి, పాస్‌వర్డ్‌తో సహా చీటీ రాసివ్వండి. పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టి రిజిస్టర్ నొక్కితే సర్వర్ కొత్త పాత్రను పుట్టిస్తుంది. పిల్లాడు నా సామానంతా పోయింది అని ఏడుపు మొహం పెడితే ముందు చూడాల్సింది పేరే. మొదటిసారి చేరినప్పుడు ప్రతి కంప్యూటర్ బొమ్మలు, శబ్దాలు సర్వర్ నుంచి దింపుకుంటుంది. పదహారూ ఒకేసారి చేరితే అన్నీ నత్తనడక నడుస్తాయి. వరుసకు నాలుగు చొప్పున చేర్చండి. పక్క గ్రూపు కట్టడాన్ని కూలగొట్టే ఘనుడు ప్రతి తరగతిలో ఉంటాడు. స్థలాలకు కాపలా కాసే ఏరియాస్ అనే మాడ్ (అదనంగా ఎక్కించే చిన్న ప్రోగ్రాము) పెట్టండి, రోల్‌బ్యాక్ రికార్డింగ్ మొదటి రోజే ఆన్ చేయండి. అది ముందు ఆన్ చేసి ఉంటేనే ఎవరు ఏ దిమ్మె తీశారో తర్వాత తెలుస్తుంది. ప్రతి పీరియడ్ తర్వాత సర్వర్ ఆపి, వరల్డ్ ఫోల్డర్ మొత్తాన్ని ఆ రోజు తేదీతో కాపీ చేసుకోండి.

ఇద్దరికో కంప్యూటర్: ఒకరు నడిపేవారు, ఒకరు రాసేవారు. ఎనిమిదిమందికో గ్రూపు, నాలుగు గ్రూపులు, ఒక్కోదానికి ఒక సరుకు: కలప, రాయి, గాజు, ఇనుము. గనులు తవ్వించకండి, ఇనుము కోసం లోతుకు దిగేసరికి గంట కొడతారు. ప్రతి పీరియడ్ మొదట్లో ఆ గ్రూపు పెట్టెలో దాని సరుకు 60 మీరే వేయండి. ప్రతి గ్రూపూ రెండు పీరియడ్లకు ఒక కట్టడం కట్టాలి, దానికి నాలుగు సరుకులూ తలా 25 కావాలి. అంటే రెండు పీరియడ్లలో ఒక్కో సరుకు 120 వస్తుంది, అందరికీ కలిపి కావలసింది 100. కొంచెమే మిగులు. ఈ అంకెలు మార్చుకోవచ్చు, కానీ మిగులు 20 శాతం దాటితే బేరాలు చప్పబడతాయి.

నాలుగో వారం నడవడం, పెట్టె తెరవడం, దిమ్మె పెట్టడం నేర్చుకోవడానికే. ఐదో వారం వస్తుమార్పిడి. నాలుగు సరుకులకు ఆరు మారకపు రేట్లు గుర్తుపెట్టుకోలేక పిల్లలే డబ్బు కావాలని అడుగుతారు. ఆరో వారం గ్రూపుకు 100 చొప్పున కాగితపు చీటీలు ఇవ్వండి, పీరియడ్ చివర లెక్కపెడితే మొత్తం 400 రావాలి. ఆటలోని బంగారాన్ని నాణెం చేస్తే ఎవడో ఒకడు సంత మానేసి తవ్వుతూ కూర్చుంటాడు. ఏడో వారం మొదటి పీరియడ్‌లో ఒక్క మార్పు చేయండి: సరుకు అంతే ఉంచి ప్రతి గ్రూపుకూ ఇంకో 100 ఇవ్వండి. ధరలు ఏమవుతాయో ముందే రాయించండి. అవి పెరగకపోవచ్చు కూడా. స్నేహం కొద్దీ పాత ధరకే అంటిపెట్టుకునే గ్రూపులు ఉంటాయి, అదీ రాయదగ్గ ఫలితమే. అప్పుడు రెండో పీరియడ్‌లో ఇనుము 60 నుంచి 30కి తగ్గించి చూడండి. రెండు మార్పులూ ఒకేసారి చేస్తే ధర దేనివల్ల కదిలిందో ఎవరికీ తెలియదు.

45 నిమిషాలు ఇలా పంచుకోండి: లాగిన్‌కు 5, ఆటకు 22, ఆపడానికి 3, రాయడానికి 15. ఆట పదకొండో నిమిషంలో నడిపేవారు, రాసేవారు మారాలి. పక్కవారి మౌస్ ముట్టుకోకూడదన్నది గట్టి నియమం. ఇంట్లో ఆడే అలవాటున్న పిల్లలు మొదటి రెండు వారాలు రాసే పనితో మొదలుపెట్టాలి, లేకపోతే కీబోర్డు వాళ్లకే అతుక్కుపోతుంది. ఆడపిల్లలందరూ రాసేవారుగా, మగపిల్లలందరూ నడిపేవారుగా స్థిరపడుతున్నారేమో కూడా కనిపెట్టండి. ఆట ఆపమంటే మాటతో ఆపరు. షట్‌డౌన్ ఆదేశానికి 180 సెకన్ల గడువు పెడితే అందరి తెరలమీదా హెచ్చరిక వస్తుంది, ఆ తర్వాత సర్వరే ఆగిపోతుంది. రాసేటప్పుడు మానిటర్లు ఆర్పించండి. వెలుగుతున్న తెర ముందు ఎవరూ రాయరు.

నోటుపుస్తకంలో ప్రతి బేరానికి ఒక వరుస: ఎవరితో, ఏమిచ్చాం, ఏం తీసుకున్నాం, కిందటిసారి ఎంత, ఎందుకు మారింది. ఆఖరి గడి ఖాళీగా వదిలితే వెనక్కి ఇచ్చేయండి.

మార్కులు ఆ పుస్తకానికే. 20లో పట్టిక సరిగా నింపినందుకు 6, ముందుగా రాసిన అంచనాకు 4, కారణం వివరించినందుకు 6, గ్రూపు నివేదికకు 4. అంచనా తప్పయినా ఆ నాలుగూ పోకూడదు, లేకపోతే పిల్లలు ఫలితం చూశాక అంచనా రాస్తారు. చేతిలో ఎన్ని చీటీలున్నాయి, ఎవరి కట్టడం పెద్దది అన్నదానికి మార్కులొద్దు. మార్కుల స్థానంలో ఎక్స్‌పీ ఇచ్చే పద్ధతి గురించి మీరు విని ఉంటారు. ఇండియానా యూనివర్సిటీలో లీ షెల్డన్ సున్నా నుంచి మొదలుపెట్టి చేసిన ప్రతి పనికీ ఎక్స్‌పీ కలుపుతూ గ్రేడ్లు ఇచ్చారు. తప్పుకు కోత కాకుండా పనికి చేర్పు అన్న ఆలోచన బాగుంది, తీసుకోండి. దాన్ని గోడమీద ర్యాంకుల జాబితాగా మాత్రం పెట్టకండి, కింది పదిమంది మూడో వారానికే చేతులెత్తేస్తారు. మొదటి రోజు, చివరి రోజు ఒకే ఆరు ప్రశ్నల పరీక్ష పెట్టండి. ఇంకో సెక్షన్‌కు ఇదే పాఠం బోర్డు మీద చెబుతుంటే వాళ్లకూ పెట్టండి. మీ పై వాళ్లకు చూపించడానికి అదొక్కటే గట్టి కాగితం.

తల్లిదండ్రులకు పంపే లేఖలో ఏ ఆట, ఎన్ని నిమిషాలు, బయటివారెవరూ చేరలేరన్న మాట, ఇంట్లో ఆడాల్సిన పని ఏమీ లేదన్న మాట స్పష్టంగా ఉండాలి. ఆ చివరిది ముఖ్యం. హోంవర్కుగా ఆట ఇస్తే ఇంట్లో కంప్యూటర్ లేనివారు వెనకబడతారు, ఉన్నవారు పబ్లిక్ సర్వర్లకు పోయి అపరిచితులతో చాటింగ్‌లోకి దిగుతారు. పబ్లిక్ ఆటల్లో నీ వస్తువు ఇస్తే రెట్టింపు చేసి ఇస్తాను అనే మోసం మామూలు. గ్రాండ్ ఎక్స్ఛేంజ్ పాఠంలో దానికి పది నిమిషాలు కేటాయించండి, ఎలాగూ కొందరు ఇంటికెళ్లి ఆడతారు.

ఎనిమిదో వారం మొదటి పీరియడ్ నివేదికలు, రెండోది పరీక్ష. ప్రపంచాన్ని చెరిపేయకండి, వచ్చే ఏడాది పిల్లలు వీళ్ల వంతెన దగ్గర్నుంచి మొదలుపెట్టవచ్చు. ఇంకో టీచరుకు కాపీ ఇచ్చేటట్లయితే మాత్రం వరల్డ్ ఫోల్డర్‌లోంచి ఆథ్ అనే పేరుతో ఉన్న ఫైలు తీసేసి ఇవ్వండి. పిల్లల లాగిన్ పేర్లు, పాస్‌వర్డ్ వివరాలు అందులో ఉంటాయి.